రంగు కింద పెన్సిల్

టొలీడోలో అక్టోబరు, పొద్దున ఎనిమిదిన్నర.
వ్యాను మీంచి నిచ్చెన దించేసరికి
ఆమె గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉంది,
స్కూలు బస్సు డ్రైవరు కోటు విప్పకుండానే.
పేరు వెర్లీన్. పంతొమ్మిదేళ్ళు అద్దెకున్న మనిషి.

"ఇల్లు భలే ఉంది కదా, మిస్టర్ కుబియాక్?"
ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పను.
నాలుగు వందల డాలర్లు పుచ్చుకుని
ఇంటి నాడి చూసేవాణ్ణి, అంతే.

బూడిద రంగు నేల, తెల్లటి గోడలు,
పాలరాయిలా నటించే వంటగట్టు,
అట్ట కూడా విప్పని పొయ్యి.
ఇల్లంతా పూత మీదుంది.
పూత చూసి కాయలు లెక్కపెట్టొద్దని
ముప్పయ్యేళ్ళుగా చెబుతున్నాను, ఎవరు వింటారు.

జేబులోంచి గోళీ తీసి హాల్లో వదిలాను.
అది కాసేపు ఆలోచించింది.
తర్వాత, దారి తెలిసిన పిల్లిలా
స్నానాలగది వైపు వెళ్ళిపోయింది.
వెర్లీన్ నవ్వుతూ దాని వెనకే నడిచింది.
నేను నేలమాళిగకి దిగాను.
నా మోకాళ్ళూ పాతవే, మెట్టుమెట్టుకీ రిపోర్టు ఇస్తాయి.

అక్కడ, కొత్త తొట్టికి సరిగ్గా కింద,
తూము గొట్టానికి దారి కోసం
ఎవడో దూలాన్ని ముప్పావు వంతు కోసేశాడు.
తొంభై ఏళ్ళు మోసిన కర్ర.
రంపప్పొట్టు సాలెగూట్లో ఇంకా వేలాడుతోంది.
టార్చి వేసి చూపించాను:
నిండా నీళ్ళు, నీళ్ళలో నువ్వు,
నీ కింద ఈ రెండంగుళాలు.
ఆమె తొట్టి వైపు కాదు, తన చేతుల వైపు చూసుకుంది.

ఇక ఉత్తరం గోడ.
ఒక్క గోడకే రెండు పూతలు వేశారంటే
ఆ గోడ ఏదో అనబోయిందన్న మాట.
టార్చిని గోడకి ఆనించి
వెలుగుని పక్కవాటుగా పారించాను.
పగులు లేచింది, మెట్లుమెట్లుగా.
దాని పక్కన ఇంకేవో నొక్కులు.
కళ్ళద్దాలు మార్చుకుని, వేలితో తడిమి చదివాను:
మార్చి 1961. మార్చి 1970.
84, వానల ఏడు. 97. 2012.
పగులు కొస ఎక్కడుంటే అక్కడ అడ్డగీత, తేదీ.
97 నుంచి చేతిరాత మారింది.

యాభై ఏళ్ళు ఎవరో ఇద్దరు
ఇంటి జబ్బుకి పెన్సిలుతో కాపలా కాశారు.
మొదటి గీతకీ చివరి గీతకీ మధ్య
నా చిటికెన వేలు పట్టింది.
పగులు ఇంకా 2012 దగ్గరే ఆగి ఉంది.

ముప్పై ఎనిమిది పేజీల రిపోర్టు పంపాను.
అమ్మేవాడు బ్రాడీ, ఇది అతనికి పదకొండో ఇల్లు,
రెండు వేలు తగ్గిస్తా, దూలం ఊసెత్తొద్దన్నాడు.
ఆమె ఏజెంటు ఇంకా గడుసు:
గోడని చూపించి పదివేలు గుంజుదామంది.

వెర్లీన్ బస్సులోంచి ఫోన్ చేసింది.
"మీరైతే ఏం చేస్తారు?"
చెప్పకూడదు, నియమం.
"గోడ సంగతి గోడ మీదే రాసుంది," అన్నాను.
"దూలం సంగతి ఎవరూ రాయలేదు."
అవతల పిల్లల గోల. ఎవరో తలుపు తీయమంటున్నారు.

డబ్బు వద్దంది.
నగరం అనుమతితో, లైసెన్సున్న వడ్రంగితో దూలం బాగుచెయ్యాలి,
కప్పు మూయకముందే నేను వచ్చి చూడాలి,
లేదా బయానా వెనక్కి.
గోడ పేరెత్తలేదు. ఏజెంటు రెండ్రోజులు పలకలేదు.
బ్రాడీ తొమ్మిది రోజులు నానబెట్టి, సరేనన్నాడు.

మళ్ళీ వెళ్ళాను. పాత దూలానికి రెండు పక్కలా కొత్త దూలాలు,
బొటనవేలంత బోల్టులు. ఊగి చూశాను. కదల్లేదు.
వెర్లీన్ అప్పటికే ఉత్తరం గోడ దగ్గరుంది, చేతిలో పెన్సిల్.
"కొస ఇక్కడేనా?"
"వెంట్రుకవాసి ఎడమకి."
నున్నటి రంగు మీద పెన్సిల్ జారింది.
రెండోసారి గట్టిగా నొక్కి రాసింది.

వెళ్ళేముందు హాల్లో గోళీ వదిలాను, అలవాటుగా.
స్నానాలగది వైపే పోయింది.
కాకపోతే కాస్త నిదానంగా.