వెండి పూర్తిగా ఇవ్వదు

పొతోసీలో నీళ్ళు ఎనభై ఏడు డిగ్రీలకే మరుగుతాయి.
అందుకే బంగాళాదుంప ఆలస్యంగా ఉడుకుతుంది,
అది తిని బయల్దేరే పిల్లలు
రాత్రిబడికి ఇంకా ఆలస్యంగా వస్తారు.

ఆ రోజు బల్ల మీద రెండే సరుకులు.
కొల్చానీ నుంచి సతుర్నీనా తెచ్చిన ఉప్పు,
వాళ్ళమ్మ పారతో కుప్పలు పోసి ఆరబెట్టింది,
చిరుచేదు ఇంకా పోనిది.
గోధుమరంగు సీసాలో సిల్వర్ నైట్రేట్,
మూడు జీతాల్లోంచి మిగిల్చి
సుక్రే వెళ్ళినప్పుడు నేను కొన్నది.

బోర్డు మీద బాణం గీశాను.
సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేసింది,
క్లోరిన్ పుచ్చుకుంది.
అయానిక బంధం. లెక్క తెగిపోయింది.

"తిరిగి అడగదా?" అన్నాడు నికనోర్.
పగలంతా కొండ కడుపులో ట్రాలీ తోసే పిల్లాడు,
సంఘంలో తన వాటా ఎంతో తెలియనివాడు.
"అడగదు" అన్నాను, పుస్తకం అన్నట్టే.

ఉప్పునీళ్ళలో సీసాలోంచి ఒక్క చుక్క.
విరిగిన పాలలా తెల్లగా ముద్దకట్టి
మెల్లగా అడుక్కి దిగింది.
నికనోర్ కుదిపాడు, వేడి చేశాడు,
చివరికి వేలు పెట్టి కలిపాడు, నేను వద్దంటున్నా.
కరగలేదు.

ఇక్కడే ప్రతి ఏడూ నా గొంతు తడబడుతుంది.
వెండి అయానుకూ ఒక్కటే ధనావేశం, సోడియంలాగే.
ఒడ్డూ పొడుగూ కూడా కాస్త అటూ ఇటూ.
మరి ఒకటి నీళ్ళు కనబడగానే విడిపోతుందేం,
ఇంకొకటి పట్టు వదలదేం?

నాకు చేతనైనట్టు చెప్పాను:
వెండి పైగదిలో పది ఎలక్ట్రాన్లు కాపలా.
పేరుకి పది. కప్పుకున్నవి పల్చటి పోంచోలు.
కేంద్రకం లాగుడు ఆ సందుల్లోంచి
బయటికి కొడుతూనే ఉంటుంది
జూలై గాలి మన తలుపు కింద నుంచి వచ్చినట్టు.
క్లోరైడ్ మబ్బు అటు ఒరుగుతుంది.
అయొడైడ్ అయితే ఇంకా పెద్ద మబ్బు, ఇంకా ఒరుగు,
చివరికి రంగే పచ్చబడుతుంది
(అది నా దగ్గర లేదు, చేతులు ఊపి చూపించాను).
ఇచ్చినట్టే ఇచ్చి చెయ్యి తియ్యదు వెండి.
దానం అనలేం.
సమయోజనీయం అని, అచ్చంగా పొత్తు అని
రాసెయ్యడానికీ లేదు.
చేబదులు.

"మా ఉప్పు మాత్రం
నూటికి నూరూ ఇచ్చేసినట్టేగా?" సతుర్నీనా.
వెనక పేజీలో పట్టిక తీశాను.
వేలు పైనుంచి కిందికి జరిగింది,
నాది, ఆ వెనకే తనది.
నూరు అనే అంకె ఆ పేజీలోనే లేదు.
"అమ్మకు చెప్పను" అంది.

గొట్టం కిటికీలో మర్చిపోయి వెళ్ళాను.
పొద్దున్నే కొండ మీంచి ఎండ తిన్నగా దాని మీదే.
తెలుపు ఊదాగా, ఊదా బూడిదగా.
వెలుతురు తగిలితే చాలు,
పోయిన ఎలక్ట్రాన్ వెండి దగ్గరికి తిరిగొస్తుంది,
క్లోరిన్ వాసన లేనంత సన్నగా వెళ్ళిపోతుంది.
నిన్న "అడగదు" అన్నది సోడియం గురించే,
అయినా ఆ మాట బోర్డు మీద అలాగే ఉంది.
తుడిచాను.

నికనోర్ వేలు నల్లబడింది.
సబ్బుకి పోలేదు, ఇసుకకి పోలేదు.
కొండలో ఇప్పుడు దొరికేది ఎక్కువగా జింకు, తగరం.
శనివారం తూకం గుమాస్తా ముందు
ఆ వేలే ఎత్తి చూపించాడట:
"వెండి. నా వాటాలో రాసుకో."
గుమాస్తా నవ్వలేదట.
చీటీ తిప్పి, వెనకవైపు ఏదో రాశాడట.