చెడిన కట్టలు

బీఎస్సీ అయినంక మూడేండ్లు
జిరాక్స్ షాపుల వేరేటోళ్ల సర్టిఫికెట్లు కాపీ తీసిన.
ఇప్పుడు సిరొంచ స్టాండుల పొద్దుగాల ఆరున్నరకు
ఎర్ర బస్సు ఎక్కుతున్న.
ఏడాది బడిలనే ఉండి పంతులమ్మ పని నేర్చుకోవాలె,
నేర్చుకున్నన్ని నెలలు నెలకు తొమ్మిది వేలిస్తరు.
కాయితం మీదైతే అట్లనే ఉన్నది.

అమ్మ నమ్మదు.
"నేర్చుకుంటానికి పైసలా? ఎవలిస్తరే?"

బోరంపల్లిల రెండు గదులు, నలభై ఒక్క మంది.
కొందరి ఇంట్ల తెలుగు, అడివంచు ఇండ్లల్ల గోండి,
పుస్తకంల మరాఠీ.
ఆమెను బాయి అంటరు, నన్ను చిన్నబాయి.
మొదటి నెల వెనుక చాప మీద కూసొని చూసుడే నా పని.
బాయి ఎప్పుడు గొంతు తగ్గిస్తది,
ఎవరి దగ్గర వంగుతది,
జవాబు తెలిసీ ఎందుకు కిటికీ దిక్కు చూస్తది,
అన్నీ నోటుబుక్కుల రాసుకున్న,
పరీక్షకు బట్టీ పట్టేటట్టు.

ప్రాణహిత పొంగి నాలుగు రోజులు బస్సు రాలే.
ఐదో రోజు లెక్కల గంట నాకిచ్చింది.
"పంచవీస్" అన్న.
సడ్మేక్ సమ్మి పలక మీద 52 రాసింది.
"త్రేచాళీస్" అన్న.
34.
ఎర్ర సుద్దతో రెండూ కొట్టేసిన,
ఈ మూలకెల్లి ఆ మూలకు.
పిల్ల ఏడ్వలే. పలకను బోర్లించింది, అంతే.

కిచిడీ పళ్లెం ఒడిల పెట్టుకొని అప్పుడడిగింది:
"నువ్వే గద ముందుగాల ఐదన్నవు?"

పంచ. వీస్.
ఐదు. ఇరవై.
నిజమే, నా నోరు ముందు ఐదే అన్నది.
మా ఇంటి మాటల ఇరవై ముందు నడుస్తది, ఐదు దాని ఎనుక,
రాసేటప్పుడూ అదే వరుస.
ఈ బడి మాటల ఐదు ముందు ఉరికొస్తది,
రాసేటప్పుడు మాత్రం అది ఎనుకకు పోయి నిలబడాలె.
నేనూ ఇసొంటి బడులల్లనే చదివిన,
దీనికే నన్నూ ఎవరో కొట్టి ఉంటరు.
దెబ్బ మర్చిపోయిన, జవాబు గుర్తున్నది.
డిగ్రీల లెక్కలకు డెబ్బై ఎనిమిది నాకు.

బాయి అంతా చూసింది, ఒక్క మాటనలే.
సాయంత్రం నా నోటుబుక్కుల ఒకటే లైను:
ఎర్ర సుద్ద ఇంట్ల పెట్టి రా.

నాలుగో నెలల మూడు నెలల పైసలు ఒక్కపాలే పడ్డయి.
బస్సు పాసు బాకీ, కిరాణం బాకీ పోను
నాలుగు వేలు అమ్మ చేతుల పెట్టిన.
లెక్కపెట్టలే. తునికాకు ముచ్చట తీసింది.
"పన్నెండేండ్లకు పోయిన నేను. కట్ట కట్టుడు రాకపోయేది.
డెబ్బై ఆకులుండాలె. అరవై ఎనిమిదైతే
కల్లం కాడ మున్షీ ఇసిరికొట్టేటోడు.
చెడిన కట్టకు ఒక్క పైస ఎవలియ్యలే బిడ్డా.
నీ చెడిన కట్టలకు ఇస్తున్నరా మరి?"

అవునే అమ్మా.
వాటికే ఇస్తున్నరు.
నేను కట్టేవి ఆకులు కావు గద,
ఇసిరికొడితే అడివిల మళ్ల దొరకయి.
కాని సమ్మి పలకకు ఎవరిస్తరో,
ఆ పద్దు ఏ కాయితంల లేదు.

తెల్లారి చింతగింజలు మూట కట్టుకపోయిన.
పది పదిగ రెండు కుప్పలు, ఇడిగ ఐదు.
చెప్పుడు మొదలువెట్టకముందే
సమ్మి పక్క పోరన్ని మోచేత్తో పొడిచి
గోండిల ఏందో చెప్తున్నది.
నోరు చూపిస్తది, ఐదు గింజలు చూపిస్తది,
చెయ్యి చూపిస్తది, కుప్పలు ముందుకు జరుపుతది.
నాకు గోండి సగమే సమజైతది.

వెనుక చాప మీదికి పోయి కూసున్న.