జీడిమచ్చ

తోటలో గడ్డి కోసొచ్చిన పదోనాడు
మా తోటికోడలు దాలమ్మ
గోడతో తగువు పెట్టుకుంది.
కాశీబుగ్గ బస్సులన్నీ తన పేరే పిలుస్తున్నాయట,
అన్నంలో ఎవరో సూదులు కలిపేరట.

"గాలి సోకినాది" అన్నారు.
వేపమండలు విరిగేయి.
మెంటలు డాక్టరు మాత్రలిచ్చేడు,
నిద్దరోయింది, నిద్దట్లోనూ తిట్టింది.
ఒళ్లు కాలిపోతోందంటే
"కోపం వేడిలే" అన్నాడు మరిది.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
రాత్రి డ్యూటీ నర్సు, ఇచ్ఛాపురం పిల్ల,
జాకెట్టు విప్పించి చంకలో టార్చి వేసింది.
శనగబద్దంత నల్లటి పెచ్చు,
చుట్టతో చురకేసినట్టు.

"ఇదెన్నాళ్ల నుంచి?"

నేను చూసేను దాన్ని.
నీళ్లు పోసినప్పుడల్లా చూసేను.
ఇరవయ్యేళ్లుగా జీడిపిక్కలు కొట్టే ఒళ్లు మావి,
వాటి మీద ఇంకో నల్లమచ్చని
ఎవరు లెక్కెడతారు?

పురుగంట. కంటికానని పురుగు.
గడ్డిలోంచి ఎక్కి కరిచిందంట,
ఆ జబ్బే నెత్తురెంట నడిచి
మెదడు దాకా పోయిందంట.

మాత్రలు మారిన మూడోనాడు
"ఏటే, కోళ్లకి నూకలేసేవా?" అంది.
నాకు ఏడుపాగలేదు.

పలాసలో మళ్లీ పిక్కలు కొడతోంది.
పక్కపీట ఇంకా ఖాళీయే,
ఎవరూ కూర్చోరు.
నేను మాత్రం, దీపం ఆర్పేక,
నా చంకలు తడుముకుంటాను.