రెండోది ఏది

ఒంగోలు కర్నూలు రోడ్డులో
ఇరుకు మెట్లెక్కితే ఖుద్దూస్ కెమెరా కొట్టు.
గాజుబల్ల మీద నల్లగుడ్డ పరిచి
రెండు లెన్సులు పక్కపక్కన నిలబెట్టాడు.
"ఇది ఫిఫ్టీ, ఇది ఎయిటీఫైవ్.
రెండూ జూమ్ కావు.
మనిషి దగ్గరికి పోవాలంటే నీ కాళ్ళే పోవాల."

నా జేబులో
మర్రిపూడి పెళ్ళి అడ్వాన్సు,
పాత జూమ్ అమ్మిన ఆరు వేలు,
ఇంట్లో చెప్పని చీటీపాట డబ్బు.

ఫిఫ్టీ తేలిక, గుప్పిట్లో నిమ్మకాయ.
ఎయిటీఫైవ్ ముందుగాజు మాత్రం
నూతిలోకి తొంగిచూసినట్టుంది.
లోపల అడుగున ఎక్కడో
వేలెడంత నేను, నా నెత్తిన ట్యూబులైటు.

"వన్ పాయింట్ ఫోర్ అన్నా!
పూర్తిగా తెరిచావంటే వెనకున్నదంతా వెన్న.
బస్టాండులో నిలబెట్టి తియ్యి, ఊటీ అనుకుంటారు."

మా చీమకుర్తిలో కరగాల్సినవి తక్కువేం కాదు.
రాళ్ళ లారీలు, పాలిషింగ్ షెడ్ల తెల్లబురద,
ఆకుల మీద కూడా పిండి జల్లినట్టు దుమ్ము.
కానీ నా స్టూడియో పొడవు పదకొండడుగులు.
దీంతో మనిషిని నడుందాకా పట్టాలంటే
నా వీపు గోడకానుద్ది.
గోడ అవతల మస్తాన్‌వలి సోడాకొట్టు.

తేలక, ఒక్కరోజు ఇమ్మన్నాను.
ఆధార్ జిరాక్సు తీసుకుని ఎయిటీఫైవే ఇచ్చాడు.
గాలం ఎక్కడ వెయ్యాలో వాడికి తెలుసు.

పొద్దుగూకే వేళ మాలకొండయ్య వచ్చాడు.
క్వారీలో ముప్పైయేళ్ళు డ్రిల్లు పట్టినోడు.
"దండేసే ఫొటో ఇప్పుడే తీయించుకుంటా అబ్బయ్యా,
ఆధార్ దాన్ని పెద్దది చేశారంటే
పోయినాక కూడా దొంగోడి మాదిరుంటా."

ఎడమ కంట్లో ఎప్పటిదో రాతిపెచ్చు,
ఇప్పుడక్కడ పాలపొర.
తలుపువార వెలుగులో కాస్త పక్కకి తిప్పి
కూర్చోబెట్టి, లెన్సు బార్లా తెరిచాను.
కుడికంటి రెప్పవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.
ముక్కు కొసనే మంచు మొదలు.
చెవి పొదిలి కొండల్లో ఎక్కడో ఉంది.
ఎడమ కన్ను
మెత్తగా, నొప్పి లేకుండా మాయమైంది.
ఇందుక్కదా ఇన్ని వేలు, అనుకున్నాను.

తెర చూపించాను.
చేతులు పంచెకు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు.
"బాగుండాను.
రెండోది ఏది?"

"కనపడకపోతేనే బాగుంటదని..."

"కంపెనీ కాయితంలో కూడా కనపళ్ళా అది.
నువ్వన్నా పెట్టు."

చక్రం తిప్పాను. రెండు, రెండు పాయింట్ ఎనిమిది,
నాలుగు, ఐదు పాయింట్ ఆరు.
వెలుగు చాల్లేదు.
మస్తాన్‌వలి కొట్టు బల్బు వైరుతో సహా లాక్కొచ్చి
స్టూలెక్కి పట్టుకున్నాడు, చెయ్యి వణుకుతా.
వెనక గోడ మీద పెచ్చులూడిన చోట్లు,
క్యాలెండరు పోయి మిగిలిన మేకు,
అన్నీ తిరిగొచ్చి నిలబడ్డాయి.
రెండు కళ్ళూ వచ్చాయి.
ఒకటి నన్నే చూస్తా, ఒకటి ఆ రోజునే చూస్తా.

మర్నాడు ఖుద్దూస్ అడిగాడు, "ఎట్టుంది వెన్న?"
ఫిఫ్టీ ఇమ్మన్నాను, మిగిలిన దానికి
స్టాండుతో ఒక లైటు.
వాడు నవ్వలేదు, బేరం తగ్గిందిగా.
అబద్ధమెందుకు,
ఎయిటీఫైవ్ మీద మనసింకా ఉంది.
బస్సులో పక్కసీటావిడ నిద్రమొహం చూసి
దాంతో అయితే ఎట్టా వచ్చేదో అనుకున్నాను కూడా.

ఫొటో ఫ్రేము కట్టి ఉంచాను.
మాలకొండయ్య ఇంకా నూటిరవై బాకీ,
పట్టకపోయేటప్పుడు ఇస్తానన్నాడు.
తొందరేం లేదన్నాను.
నిజంగానే అన్నాను.