ఎనిమిదో మనిషి

బస్సుల ఎవరో మరిచిపోయిన సంచి అది.
ఆఖరి సీటు కింద.
లోపల నల్లటి బూట్ల జోడు,
ముందరొక పలక, మడిమెకొక పలక,
పట్టుకుంటె ఇటుకంత బరువు.
డిపోల అప్పజెప్పి ఊకుంటె అయిపోవు.
సంచి మీద రాసి ఉంది
లాలాగూడ రైల్వే ఇన్‌స్టిట్యూట్ అని,
ఆదివారం నాకు ఆఫ్.

పోయిన.

ఏడుగురు నిలబడి ఉన్నరు చౌకం తీరుగ,
ఒక మూల ఖాళీ.
బెర్నడీన్ టీచర్ సంచి అందుకున్నది,
నా మొహం చూడలే, పాదాలు చూసింది.
"ఎనిమిదో మనిషి ఇంక రాలే.
జరసేపు నిలబడు, అంతే."

నిలబడుడా?
ఇరవై రెండేండ్లు అదే నౌకరి నాది.
సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ దాక
ఊగే నేల మీద, కడ్డీ పట్టకుంట,
ఒక చేతిల చిల్లర, ఒక చేతిల మిషను,
బ్రేకు పడితె ఎటు ఒరగాల్నో
నాకన్న ముందు నా మోకాలుకు ఎరుక.
ఇక్కడ నేల కదలదు.
బొగ్గింజన్ల నాటి టేకు చెక్క,
నూనె తాగి తాగి నల్లబడ్డది.
నేనే కదలాలె.

"చేతులు కిందికి" అన్నది టీచర్.
"ఇంకా కిందికి. మరిచిపో వాటిని."
కాళ్ళకు నేర్పుడు ఒక లెక్క,
చేతులను మరుచుడు ఇంకో లెక్క.
కుడిచెయ్యి లేని సంచిని తడుముతది,
ఎడమది లేని కడ్డీని అందుకుంటది.
మందుల దుకాణం జుబేదా నవ్వింది,
"నావి ఇంకా గోలీలు లెక్కపెడుతున్నయి."
లోకో షెడ్డు ఫిట్టర్ ఏలీయా
పిడికిళ్ళు బిగబట్టిండు, వదిలితె ఎగిరిపోతయన్నట్టు.

ఏడు పక్కకు, మూడు ఉన్న జాగల.
మళ్ళ ఇటు ఏడు, మూడు.
ఐర్లండ్ ఎక్కడుంటదో నాకు తెల్వదు,
వాన ఎక్కువంట, అంతే చెప్పింది టీచర్.
ఆమె మేనత్త దగ్గర నేర్చుకున్నదట,
ఇదే హాలుల, ఇదే కిటికీ కింద.
ఫోనుల పిడేలు మొదలైంది
తకిట తకిట తకిట తకిట

అరె, ఇది నేను విన్నదే.
మేనమామ మంట మీద డప్పు కాపి కొడుతుంటె
నిద్ర ఆపుకొని నేను ఎగిరింది
గీ దరువుకే గదా.
తోలు బదులు చెక్క,
పుల్ల బదులు మడిమె.

"రైట్ తోని మొదలు" అన్నది.
రైట్ నా నోట్లె అరిగిపోయిన మాట.
రోజుకు వెయ్యిసార్లు అరుస్త, రైట్ రైట్,
బండి పోతది, నేను ఉన్నకాడనే ఉంట.
ఇయ్యాల రైట్ అంటె
నేనే పోయిన.

ఇగ జంటలు మారాలె.
ఏలీయా చెయ్యి చాపిండు. చాపి ఆగిండు.
ఎందుకు ఆగిండో మొదలు సమజ్ కాలే.
నేనిస్తేనే పట్టుకుంటడట.
మోచేతులను కొమ్ముల్లెక్క నిలబెట్టి
జనంల తొవ్వ చేసుకున్నదాన్ని,
ఎవని చెయ్యి ఎటునుంచి వస్తదోనని
ఈపుకు కండ్లు మొలిపించుకున్నదాన్ని,
ఆగిన చెయ్యిని
ఎంతసేపు చూసిన్నో.
దరువు రెండు చుట్లు దాటిపోయింది.
అందరు ఆగిన్రు. ఎవ్వరు ఏమనలే.

ఇచ్చిన.

ఢీకొన్నం, కాళ్ళు తొక్కుకున్నం,
బ్యాంకు సుగుణాకర్ సారు అద్దాలు
ఎగిరి పియానో కింద పడ్డయి.
అప్పుడొచ్చింది బూట్ల పిల్ల,
నర్సింగు చదువుతదట, ఏడ్చి ఏడ్చి కండ్లు ఉబ్బినయి.
సంచి చూసి, నన్ను చూసి,
మళ్ళ ఏడ్చింది.
నేను మూల ఖాళీ చేయబోయిన.
"యాడికి?" అన్నది టీచర్.
"తొమ్మిదిమందైనం. ఇంకో చౌకానికి ఏడుగురే తక్కువ.
మీ డిపోల ఎవరన్న ఉన్నరా?"

సోమారం, ఫస్టు ట్రిప్పు.
మెట్టుగూడ కాడ జామ్.
చేతులు వాటంతట అవే ఊకున్నయి.
ఏడు వేసే జాగ లేదు,
మూడు ఉన్న జాగల, మూడు ఉన్న జాగల.
రేకు నేల మంచిగ పలుకుతది.
డ్రైవర్ యాదగిరి అద్దంల చూసి
"ఏందక్కా, కాలు తిమ్మిరెక్కిందా?"

ఆ, తిమ్మిరే అన్న.
రైట్ రైట్.