ఉంచనా, మార్చనా

క్లాక్స్‌విక్ రేవులో చేపల వేలం ముగిసి
సిమెంటు నేల మీద గొట్టంతో నీళ్లు కొట్టే వేళకి
మేడ మీది గదిలో నా పని మొదలవుతుంది.

యంత్రానికీ ఒక పంచాంగం ఉంది.
నిమిషం, గంట, తేదీ, నెల, వారం.
పట్టింపు లేని గడిలో ఒక నక్షత్రం.
రాత్రి రెండుంబావుకి పాత లాగ్‌లు ఊడ్చెయ్,
మూడింటికి పోటుపాట్ల లెక్క తెచ్చుకో,
ఆదివారం తెల్లారగట్ల కొత్త ప్యాకేజీలు వచ్చాయేమో చూడు.
ఒకసారి రాసి పెడితే చాలు,
జీతం అడగదు, జలుబు చెయ్యదు,
చెప్పింది చేస్తుంది.
చెప్పనిది చెయ్యదు. చిక్కంతా అక్కడే.

ఆ రాత్రి నా బల్ల కిందున్న సర్వరుని ముందు మార్చాను.
రెండు వందల పదకొండు ప్యాకేజీలు
ఒకదాని వేలు ఒకటి పట్టుకుని దిగాయి.
కాఫీ చల్లారింది, అంతకుమించి నష్టం లేదు.

అదే ఆదేశాన్ని, అక్షరం మార్చకుండా,
ఫుగ్లోయ్ దీవికి పంపాను.
అక్కడ తపాలా గది వెనక ఉన్ని బస్తాల మధ్య
మాదో చిన్న పెట్టె ఉంది,
సముద్రం ఎంత లేచిందో ఎంత దిగిందో
పది నిమిషాలకోసారి రాసుకుంటూ.
పనంతా దాని సొంత తెర మీదే నడిచేలా పంపాను.
ఆ రాత్రి నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

నూట నలభైమూడో ప్యాకేజీ దగ్గర
నా తెర బిగుసుకుపోయింది.
గాలికి లింకు తెగింది.
తాడు ఈ కొస నా చేతిలో ఉంది,
ఆ కొస ఏ నీళ్లలో ఉందో తెలీదు.

పడవ రెండు రోజులుగా కదల్లేదు.
హెలికాప్టరు బుధవారానికి గాని రాదు.
పెట్టె పెట్టిన హ్యాల్మార్‌కి ఫోన్ చేశాను;
వాడిప్పుడు సాండోయ్‌లో గొర్రెల మంద చూసుకుంటాడు,
ఫోన్ ఎత్తడు.
తపాలా నడిపే సున్నేవాకి చేశాను.
"రాత్రి పదకొండింటికి ఉత్తరాలు పంచను" అంది.
అయినా బూట్లు తొడుగుతున్న చప్పుడు,
తలుపు, గాలి, మళ్ళీ తలుపు,
ఎక్కడో బస్తా జారిన చప్పుడు.

"ఇదేదో అడుగుతోందే."
"ఏమని?"
తనది కాని భాషని కూడబలుక్కుంటూ
పక్కింటివాళ్ళ ఉత్తరంలా చదివింది:
ఈ ఫైలుని నువ్వో, మరెవరో మార్చారు.
కొత్తది వచ్చింది.
ఉన్నది ఉంచనా, కొత్తది పెట్టనా?

"ఎప్పట్నించి అడుగుతోంది?"
"నాలుగు గంటలైంది."
"పాపం" అంది.
పాపం ఎవరో నేను అడగలేదు.

తేడా చూపించమని డి నొక్కించాను.
"కొత్తదాంట్లో, జవాబు కోసం ఐదు సెకన్లు ఆగమనుంది.
పాతదాంట్లో తొంభై.
దాని పైన మన మాటల్లోనే ఏదో రాసుంది."
ఈసారి కూడబలుక్కోలేదు, ఒక్క గుక్కలో చదివేసింది:
తొందరపెట్టకు. ఇది ఉప్పు తిన్న తీగ.
ఆలస్యంగా చెప్పినా నిజమే చెబుతుంది.

ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.
ఫోన్లో గాలి ఒక్కటే మాట్లాడింది.
"ఎన్ నొక్కు, సున్నేవా."
టక్కుమంది.
మిగతా అరవై ఎనిమిదీ
ఆమె కళ్ళ ముందే జారిపోయాయట,
వల విదిలిస్తే రాలే చిన్న చేపల్లా.

మర్నాడు నేను అన్ని యంత్రాలకీ ఒక వాక్యం రాశాను:
ఇకమీదట ఎవర్నీ అడక్కు, ఉన్నదే ఉంచు.
అలా రాయడం తప్పు కాదు. అలా రాసినందుకే నాకు జీతం.
ఫుగ్లోయ్ పెట్టెకి మాత్రం
హ్యాల్మార్ మాట కింద ఇంకో వరుస చేర్చాను,
ముందు హ్యాష్ గుర్తు పెట్టి,
యంత్రం చదవకుండా దాటిపోయేలా:
అక్టోబరు. పెద్ద గాలి. అడిగింది. సున్నేవా చెప్పింది.

రాత్రి మూడింటికి
పోటు లెక్క వచ్చింది,
ఎనభై ఏడు సెకన్లు ఆలస్యంగా.