టెంపరేచర్ చార్టు వెనకవైపు

రాత్రి రెండున్నర.
కేజీహెచ్ వాలులో లారీ ఒకటి గేరు మార్చుకుంటూ మూలిగింది.
పోర్టు వైపు నుంచి ఓడ కూత,
ఎవరినో పిలవబోయి పేరు మరిచిపోయినట్టు
మధ్యలో ఆగిపోయింది.
వార్డు నిద్రపోయింది, పోగలిగినంత మేరకు.
నేను టెంపరేచర్ చార్టు తిరగేసి
తెల్లటి వైపు రాశాను:
నాసిక్. నలుగురం. ఆరు రోజులు.

ఇది ఎస్తేరురాణి మొదలెట్టిన గోల.
మాలో వైన్ రుచి తెలిసింది ఆమెకొక్కదానికే,
అదీ నెలకో ఆదివారం, ప్రభువు బల్ల దగ్గర,
దగ్గుమందు మూతంత గ్లాసులో.
"ముప్పై ఏళ్లుగా మూతెడు మూతెడు తాగుతున్నానే,
అది ఏ తీగకి కాస్తాదో ఓపాలి చూడొద్దా?" అంది
ఆర్కే బీచి గోడ మీద, ముంతమసాలా పొట్లం ఒళ్లో పెట్టుకుని.
"అది ఉత్త ద్రాక్షరసమే, పంచదార నీళ్లు" అంది నూకరత్నం.
ఆ మాటకి ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు.

హసీనా తాగదు. ముందే చెప్పేసింది.
"నాకు తీగల మధ్య నడవాలనుంది, అంతే.
మధ్యాహ్నం పూట. ఎండలో.
చేతిలో ఏ ట్రే లేకుండా."
దానికి మాలో ఎవరం ఏమీ అనలేదు.

లెక్కలన్నీ నూకరత్నానివి.
రాయపూర్‌లో దిగాలి, మరో బండి పట్టాలి,
ఎస్తేరు మోకాళ్లకి మెట్లు లేని దారి కనుక్కోవాలి.
తోటలో రుచి చూపించడానికి మనిషికి ఇంతని తీసుకుంటారు,
ఐదు గ్లాసులు, గ్లాసు అడుగున రెండు గుక్కలు.
"రెండు గుక్కలకి అంతా?
ఆ డబ్బుకి పూర్ణామార్కెట్లో గంపెడు నల్లద్రాక్ష వస్తాది" అంటుంది,
అంటూనే ఆ అంకె కింద రెండు గీతలు గీస్తుంది.

ఇక నా సంగతి.
నాది పసుపు కళ్ల వార్డు.
ఊళ్లో ఏ మలుపులో 'వైన్స్' బోర్డుందో
కేసుషీట్లు చూసి చెప్పగలను.
ఆ బోర్డు కింద ఏనాడూ ఒక్క ద్రాక్షపండు దొర్లలేదు.
వాళ్లు కక్కే నెత్తురుకి
కిడ్నీ ట్రే పట్టిన చేతులివి.

అక్కడేమో, నూకరత్నం కూతురు చెప్పింది,
గ్లాసు వంచి రంగు చూస్తారట,
ముక్కు పెట్టి వాసన చూస్తారట,
పుక్కిలించి గిన్నెలో ఉమ్మేస్తారట.
ఉమ్మేస్తారట!
నాకు ఆ గిన్నె చూడాలనుంది.
మా ట్రేలాగే వంకర తిరిగి ఉంటుందా?
ఎవరు కడుగుతారు?
నవ్వుతారని వీళ్లకి చెప్పలేదు.

ఇంట్లో మాత్రం "త్ర్యంబకం" అన్నాను.
గోదారి పుట్టిన చోటు. అబద్ధమేం కాదు,
దేవుడూ తోటలూ అటువైపే.
మా అత్తగారు దువ్వెన ఆపి
"నానూ వస్తానే, మొక్కొకటుండిపోయింది" అంది.
అలా ఐదో బెర్తు.
హసీనా ఫోన్లో పావుగంట నవ్వింది:
"ఆవిడకి నేను తోడుంటాలే, తాగనివాళ్లం ఇద్దరం."
నిన్న పొద్దున్న, పప్పు ఏరుతూ, తల ఎత్తకుండా, మా అత్తగారు:
"అక్కడ ద్రాక్షతోటలుంటాయట గదా.
మా నాన్న పాడేరు సంతకెళ్తే జీలుగుకల్లు తెచ్చేవోడు.
పులవకముందు పాలలాగుంటాది."
అంతే. మళ్లీ రాళ్లు ఏరుకుంది.

సెలవు చీటీలు నాలుగూ ఒక్కసారి పెడితే
మేట్రన్ చింపేస్తుంది,
కాబట్టి ఒకరికి జ్వరం, ఒకరికి గృహప్రవేశం,
హసీనాకి తమ్ముడి పెళ్లి, అదే తమ్ముడికి, రెండోసారి.
టిక్కెట్లు వెయిటింగ్ లిస్టు,
ఇరవై ఒకటి నుంచి ఇరవై ఐదు దాకా మేమే.

తొమ్మిదో మంచం కదిలింది.
భీమిలి మనిషి. వలలు అల్లిన వేళ్లు
దుప్పటి అంచుకి ముడులేస్తున్నాయి.
"ఏటి రాత్తన్నావు సిస్టరమ్మా, ఇంతసేపు?"
"మందులు."
"నాకేనా?"
సెలైన్ చుక్క పడేదాకా ఆగాను.
"కాదులే. నాకు."
చార్టు తిప్పి అతని జ్వరం రాశాను.
తొంభైతొమ్మిది పాయింట్ రెండు.